రహీం సాబ్: శిక్షక వృత్తికి వెలుగుబాట

ప్రతి సంవత్సరం పరీక్షలు ముగిసి సెలవులు సమీపిస్తున్న వేళ మా వద్దకు వచ్చి తమ భవిష్యత్తును గురించి సలహా అడిగే విద్యార్థులు కొందరుంటారు. వారిలో ఆటస్థలంలో పేరు తెచ్చుకున్నవారు కూడా ఉంటారు. శరీర వ్యాయామాన్ని నేర్పే శిక్షకులుగా స్థిరపడాలని తమకు కోరిక ఉన్నదనీ, ఇంట్లో పెద్దలు అది చదువు రానివారి పని అని నిరుత్సాహపరుస్తున్నారనీ వారు చెబుతుంటారు. పెద్దల భయం పూర్తిగా నిరాధారం కాదు. నేడు వీధి వీధినా వ్యాయామశాలలు వెలిశాయి. కండలు పెంచిన ప్రతి యువకుడూ మరునాటికి శిక్షకుడై, పదిమంది శరీరాలను తన చేతిలోకి తీసుకొంటున్నాడు. చదువు లేని వైద్యుని చేతిలో రోగి ఎంత సురక్షితుడో, చదువు లేని శిక్షకుని చేతిలో శిష్యుడూ అంతే సురక్షితుడు.

అయితే ఈ వృత్తి చదువుతో మొదలై, చదువుతోనే పెరిగి, ఒక దేశానికే గౌరవం తెచ్చిన వైనం మన హైదరాబాదు నగరంలోనే ఉన్నది. ఆ కథకు నాయకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనను ఆటగాళ్లు ఆప్యాయంగా రహీం సాబ్ అని పిలుచుకొనేవారు. 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చలనచిత్రం ద్వారా ఆయన పేరు కొత్త తరానికి మళ్లీ వినబడింది. కాని చలనచిత్రం చూసినవారిలో ఎక్కువమంది ఆయన సాధించిన పతకాలనే గుర్తు పెట్టుకున్నారు. ఆ పతకాల వెనుక ఒక పాఠశాల ఉపాధ్యాయుని క్రమబద్ధమైన కృషి ఉన్నది. మేము ఈ వ్యాసంలో విద్యార్థుల ముందుంచదలచినది ఆ కృషినే.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఆనాటి హైదరాబాదు నిజాం రాజ్యానికి రాజధాని. పక్కనే సికిందరాబాదు కంటోన్మెంటులో ఆంగ్ల సేనలు ఉండేవి. సైనికులు ఆడే ఫుట్‌బాల్‌ను చూసి నగరంలోని కుర్రవాళ్లు కూడా బంతి వెంట పరుగులు తీయడం నేర్చుకున్నారు. బూట్లు కొనే స్తోమత చాలామందికి లేదు. ఉత్త కాళ్లతోనే ఆడేవారు. ఈ వాతావరణంలో పెరిగిన రహీం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని పట్టభద్రులైనారు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించిన అపూర్వ సంస్థ. శాస్త్రాన్ని విద్యార్థి సొంత భాషలో చెప్పవచ్చునని నిరూపించిన ఆ ప్రాంగణంలోనే ఆయన విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడారు. తరువాత నగరంలోని స్థానిక క్లబ్బులలోనూ ఆడారు.

పట్టా చేతికి వచ్చిన తరువాత ఆయన ఎంచుకున్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల, ఈ నాలుగు చోట్ల ఆయన పనిచేశారు. ఇక్కడ మన విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. ఆయనకు ఆట వచ్చును. పాఠం చెప్పడమూ వచ్చును. ఈ రెండూ ఉంటే చాలునని ఆయన అనుకోలేదు. ఉద్యోగంలో ఉండగానే వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. దాని తరువాతనే పాఠశాలలలో క్రీడా వ్యవహారాల బాధ్యతను స్వీకరించారు.

ఆ డిప్లొమాను మనం చిన్న కాగితంగా భావించరాదు. మన దేశంలో వ్యాయామ విద్యను ఒక శాస్త్రంగా నేర్పడం అప్పటికి చాలా కొత్త. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను హెచ్. సి. బక్ ప్రారంభించినది 1920లో. అంతకు మునుపు వ్యాయామం అంటే పాఠశాలలో డ్రిల్లు, ఊరిలో తాలింఖానా. డ్రిల్లు మాస్టారు ఈల ఊదితే పిల్లలు వరుసలో నిలబడేవారు. తాలింఖానాలో ఉస్తాద్ తాను పట్టిన పట్టునే శిష్యునికి నేర్పేవాడు. ఈ రెండు పద్ధతులలోనూ క్రమశిక్షణ ఉన్నది, గురుభక్తి ఉన్నది. కాని కండరం ఎట్లా పనిచేస్తుంది, అలసట ఎందుకు వస్తుంది, దెబ్బ తగిలిన కీలును ఎన్నాళ్లు కదపకూడదు, పన్నెండేళ్ల బాలుని శ్రమకూ ఇరవై ఏళ్ల యువకుని శ్రమకూ భేదమేమి అన్న ప్రశ్నలకు సమాధానం వ్యాయామ విద్య మాత్రమే చెప్పగలదు. ఆటగాడు తన శరీరాన్ని మాత్రమే ఎరుగును. శిక్షకుడు ఇతరుల శరీరాలను ఎరగాలి. ఈ భేదాన్ని గ్రహించి, తిరిగి విద్యార్థిగా మారడానికి సిగ్గుపడకపోవడమే రహీం గారి విజయానికి తొలి మెట్టు అని మేము భావిస్తాము.

1943లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకులైనారు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా కూడా ఎన్నికై చిరకాలం ఆ బాధ్యతను నిర్వహించారు. పోలీసు జట్టుతో ఆయన అనుబంధం జీవితాంతం, అంటే ఇరవై సంవత్సరాలు, కొనసాగింది. ఒకే చోట ఇరవై సంవత్సరాలు పనిచేయడమంటే ఈనాటి యువకులకు విసుగు పుట్టించే విషయం కావచ్చు. కాని శిక్షకుని పని నారు పోసి నీరు పెట్టేవాని పని వంటిది. ఈ ఏడు వేసిన మొక్క వచ్చే ఏడే కాయదు. పన్నెండేళ్ల వయసులో కంటబడిన బాలుడు పరిపూర్ణుడైన ఆటగాడు కావడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. అంత ఓర్పు లేనివాడు తన నారును ఇతరుల మడిలో వదిలిపోతాడు.

ఇక ఆయన బోధనా పద్ధతి. ఇదే ఆయన జీవితంలో మమ్ములను అన్నిటికన్న ఎక్కువగా ఆకర్షించిన భాగం. రహీం గారు పిల్లలకు ఉపన్యాసాలు ఇచ్చి లోపాలు దిద్దలేదు. ఆట నియమాన్నే మార్చి, ఆ లోపం దానంతట అదే దిద్దుకొనేటట్లు చేశారు. ఉదాహరణకు, చాలామంది ఆటగాళ్లు కుడికాలితో మాత్రమే బంతిని తన్నగలుగుతారు. ప్రత్యర్థి ఈ సంగతి కనిపెట్టి కుడివైపు అడ్డు నిలిస్తే వారి ఆట కట్టుబడిపోతుంది. దీనికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనన్న నియమంతో ప్రత్యేక పోటీలు ఏర్పాటు చేశారు. కుడివాటం వాడు ఎడమకాలితో, ఎడమవాటం వాడు కుడికాలితో ఆడాలి. మొదట అందరూ తడబడ్డారేమో గాని, పోటీ అన్న పేరు ఉండడంతో పట్టుదల కలుగుతుంది. నవ్వుతూ ఆడుతూనే రెండవ కాలికి బలం వస్తుంది.

అదే విధంగా, బంతిని ఒంటరిగా నడిపించుకొని పోరాదన్న నియమంతో మరి కొన్ని పోటీలు జరిపించారు. బంతి అందగానే తోటివానికి ఇచ్చివేయాలి. ఇట్టి ఆటలో పాల్గొనేవాడు బంతి రాకమునుపే తల ఎత్తి చుట్టూ చూడవలసి వస్తుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరు పరుగెత్తబోతున్నారో ముందే గ్రహించాలి. బంతి లేనివాడు కూడా ఊరక నిలబడరాదు. అందువల్ల నేనే ఆడాలి అన్న స్వార్థం తొలగి, జట్టు అన్న భావం కుదురుకొంటుంది. ఎదిగీ ఎదగని పిల్లల కొరకు ఎత్తును బట్టి పోటీలు పెట్టడం ఆయన చేసిన మరొక మంచి పని. పొడుగరుల మధ్య పొట్టివాడు బెదిరి ఆటనే మానుకొనకుండా, సమానుల మధ్య తన నైపుణ్యాన్ని చూపుకొనే అవకాశం దానివల్ల లభించింది.

ఈ మూడు పద్ధతులలోనూ ఒకే సూత్రం దాగి ఉన్నది. శిక్షకుడు మొదట శిష్యుని బలహీనతను పరిశీలించాలి; దానిని ఎత్తి చూపి అవమానించరాదు; ఆ బలహీన భాగానికే తగుపాటి పని కల్పించి, క్రమక్రమంగా ఆ పనిని పెంచాలి. ఫుట్‌బాల్‌కే గాక, బరువులు ఎత్తించేవానికీ, యోగాసనాలు వేయించేవానికీ, మోకాలి నొప్పితో వచ్చిన ముదుసలిని మెల్లగా నడిపించేవానికీ ఈ సూత్రమే ఆధారం. నేడు ఒక్కొక్క వ్యక్తికి ప్రత్యేకంగా వ్యాయామం నేర్పే వ్యక్తిగత శిక్షకులు తమ వృత్తికి మూలమని చెప్పుకొనేది కూడా ఇదే.

ఆయన మైదానం బయట కూడా శిక్షకుడే అనడానికి తులసీదాస్ బలరాం ఉదంతం చాలును. సికిందరాబాదు ప్రాంతంలోని అమ్ముగూడకు చెందిన ఆ పేద యువకుని ఆట రహీం గారి కంటబడింది. హైదరాబాదుకు వచ్చి శిక్షణ పొందమని ఆయన కోరారు. రోజూ అంత దూరం వచ్చి పోవడానికి ఆ యువకుని వద్ద డబ్బు లేదు. సైకిలు అద్దెకు తీసుకొనేందుకు రహీం గారే డబ్బు ఇచ్చారని బలరాం వృద్ధాప్యంలోనూ కృతజ్ఞతతో చెప్పుకొనేవారు. ఆ బలరామే తరువాత 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు తరఫున ఆడి, 1962లో అర్జున పురస్కారం అందుకొని, 2023లో కన్నుమూశారు. ప్రతిభను గుర్తించడం శిక్షకుని పనిలో సగమే. ఆ ప్రతిభ ప్రతి సాయంత్రం మైదానానికి చేరేటట్లు చూడడం రెండవ సగం.

ఇట్టి కృషికి ఫలం త్వరలోనే కనిపించింది. 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసు జట్టే గెలుచుకున్నది. 1950లోనూ, 1954లోనూ డ్యూరాండ్ కప్పు కూడా ఆ జట్టుకే దక్కింది. కలకత్తా జట్లే ఫుట్‌బాల్‌కు సర్వాధికారులని దేశమంతా నమ్మిన కాలమది. దక్కను నుండి వచ్చిన కానిస్టేబుళ్లు వారిని ఓడించడం అందరినీ ఆశ్చర్యపరచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాదు గెలుచుకున్నది.

1950 ప్రాంతంలో రహీం గారికి భారత జాతీయ జట్టు శిక్షణ బాధ్యత లభించింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో శైలేన్ మన్నా నాయకత్వాన మన జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను ఓడించి, తుదిపోటీలో సాహూ మేవాలాల్ చేసిన గోలుతో ఇరాన్‌ను 1-0 తేడాతో జయించి స్వర్ణ పతకం సాధించింది. స్వతంత్ర దేశానికి అది ఎంత ఆనందదాయకమో వేరుగా చెప్పనక్కరలేదు.

కాని మరుసటి సంవత్సరమే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. ఆ చలిదేశపు మైదానంలో మనవారిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. మొదటి ఆటతోనే మన యాత్ర ముగిసింది. ఆసియా విజేతలమన్న పేరు ఏడాదిన్నర తిరగకముందే ఇట్లా మసకబారింది. ఒక శిక్షకుని జీవితంలో ఇంతకన్న కఠినమైన పరీక్ష ఉండదు. ఇట్టి సమయంలో సామాన్యుడు చేసే పనులు రెండు. ఒకటి, చలినీ విధినీ నిందించడం. రెండు, ఆటగాళ్లను నిందించడం. ఆ తరువాతి సంవత్సరాల చరిత్రను చూస్తే రహీం గారు ఈ రెండు దారులలోనూ పోలేదని స్పష్టమవుతుంది. ఆ పరాజయం తరువాత బూట్లు ధరించి ఆడడాన్ని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తప్పనిసరి చేసింది. చిన్ననాటి నుండి ఉత్త కాళ్లతో ఆడినవారికి బూటు వేయడమంటే చేతితో అన్నం తినేవానికి చేతికి తొడుగు వేసినట్లే. బంతి స్పర్శ తెలియదు, పరుగు బరువెక్కుతుంది. అట్టివారికి కొత్తగా అలవాటు చేసి, పూర్వపు నేర్పు పోకుండా నిలపడం శిక్షకుల భుజాలపై పడిన భారం. దానితో పాటు ఆయన ఐరోపా జట్ల ఆటను శ్రద్ధగా పరిశీలించి, ఆటగాళ్లను మైదానంలో నిలిపే విధానాన్నే మార్చారు. రక్షణలో నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే వ్యూహాన్ని మన దేశంలో ప్రవేశపెట్టిన ఘనత ఆయనదే. నలభై ఏళ్లు దాటిన వయసులో, జాతీయ జట్టు శిక్షకుడన్న హోదాలో ఉండి, మళ్లీ మొదటి పాఠం నుండి నేర్చుకొనడానికి సిద్ధపడడం ఎంతమందికి సాధ్యం?

నాలుగు సంవత్సరాల తరువాత, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ జరిగాయి. ఆ జట్టులో హైదరాబాదు మైదానాలలో పెరిగిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, బలరాం వంటి వారు ఉన్నారు. హంగరీ తప్పుకొనడం వల్ల మనవారు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు చేరి, ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించారు. బొంబాయికి చెందిన నెవిల్ డిసూజా ఒక్కరే 3 గోళ్లు చేశారు. ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. అక్కడ ఎదురైనది మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి తొలి గోలు చేసినది మనవారు. చివరకు 4-1 తేడాతో ఓడిపోయినా, నాలుగేళ్ల క్రితపు పదింటికీ ఈ నాలుగింటికీ నడుమ ఉన్న దూరమే రహీం గారి కృషికి కొలమానం. కాంస్య పతకం కొరకు జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి మన జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఈనాటికీ దానిని మించలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవారు హంగరీతో 2-1 తేడాతో ఓడారు. ఫ్రాన్సుతో ఆధిక్యంలో ఉండి, చివరి నిమిషాలలో గోలు ఇచ్చి 1-1తో సరిపెట్టుకున్నారు. పెరూతో 3-1 తేడాతో ఓడారు. ఆ జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. జట్టులో చోటు లభించినా, ఒక్క ఆటలోనూ ఆయన మైదానంలోకి దిగలేదు. తండ్రి శిక్షకుడు, కుమారుడు ఆటగాడు. లోకమంతా వేలెత్తి చూపడానికి సిద్ధంగా ఉండే సందర్భమిది. తండ్రి మనసులో ఏమి మెదిలిందో మేము ఊహించి చెప్పబోము. జరిగినదానిని మాత్రమే విద్యార్థుల ముందుంచుతున్నాము. హకీం గారు తరువాత వాయుసేనలో పనిచేసి, అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడుగా తన సొంత పేరు సంపాదించుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది, 2021లో మరణించారు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. రహీం గారి జీవితానికి శిఖరమూ, సంధ్యాకాలమూ రెండూ అవే. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో మన జట్టు 2-0 తేడాతో ఓడింది. తరువాత థాయిలాండును 4-1 తేడాతో, జపానును 2-0 తేడాతో ఓడించింది. కాని థాయిలాండుతో జరిగిన ఆటలో రక్షణకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణ స్థానంలో నిలబడి ఎగిరే ప్రతి బంతినీ తలతో ఎదుర్కొనే స్థితి ఆయనకు లేదు. అప్పుడు రహీం గారు చేసిన నిర్ణయం శిక్షణ శాస్త్రంలో ఒక పాఠంగా చెప్పుకోదగినది. జర్నైల్‌ను ఇంటికి పంపలేదు, వెనుక నిలబెట్టనూ లేదు. ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డుగా దింపారు. చిన్న వయసులో ఆయన ఆ స్థానంలో ఆడినవాడన్న సంగతి శిక్షకునికి గుర్తున్నది. శిష్యుని నేటి స్థితితో పాటు అతని పూర్వచరిత్ర కూడా తెలిసినవాడే ఇట్టి సాహసం చేయగలడు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై మన జట్టు 3-2 తేడాతో గెలిచింది. వాటిలో 2 గోళ్లు నాయకుడు చునీ గోస్వామివి, ఒకటి జర్నైల్‌ది.

సెప్టెంబరు 4న తుదిపోటీ. ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వకపోవడంపై భారతీయ అధికారి ఒకరు అభ్యంతరం తెలిపినందున స్థానిక ప్రజలు మన దేశంపై ఆగ్రహంతో ఉన్నారు. సుమారు 1 లక్ష మంది ప్రేక్షకులు మనవారికి వ్యతిరేకంగా కేకలు వేశారు. అనారోగ్యం నుండి తేరుకున్న పీటర్ తంగరాజ్ గోలు ముందు నిలిచారు. ఆట మొదలైన 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్లు చేశారు. కుట్లు పడిన తలతో ఆడుతున్న మనిషి స్వర్ణ పతకానికి తోడ్పడిన గోలు చేశాడు. చివరలో కొరియా ఒక గోలు చేసినా, ఆట 2-1 తేడాతో మన వశమైంది. ఆ విద్వేష వాతావరణంలో మన జట్టును ప్రోత్సహించినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు కూడా ఉన్నారని మన ఆటగాళ్లు తరువాత స్మరించుకున్నారు. ఆటస్థలం మనుషులను ఎట్లా కలుపుతుందో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ వేరే అక్కరలేదు.

ఆ విజయం తరువాత రహీం గారికి మిగిలినది తొమ్మిది మాసాల ఆయుర్దాయం మాత్రమే. ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను కృశింపజేసింది. ఇరవై ఏళ్లు ఇతరుల శరీరాలకు శ్వాసబలం నేర్పినవాని శ్వాసకే ఆటంకం కలిగింది. 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో, ఆయన పరమపదించారు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ప్రారంభం కాలేదు. అటు తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో స్వర్ణం గెలవలేదు. 1960 తరువాత ఒలింపిక్స్‌కు అర్హత కూడా పొందలేదు. ఒక మనిషి లేని లోటు ఎంత పెద్దదో ఈ రెండు వాక్యాలే చెబుతున్నాయి.

అయితే ఇక్కడ మాకు ఒక సందేహం కలుగుతున్నది. ఆయనతోనే అంతా అంతరించిపోవడం శిక్షకుని గొప్పతనమా, లేక వ్యవస్థ లోపమా? ఆయన పద్ధతులను గ్రంథస్థం చేసి, పదిమంది ఉపాధ్యాయులకు నేర్పి, పాఠశాల పాఠశాలకూ చేర్చి ఉంటే ఈ లోటు ఇంత లోతుగా ఉండేది కాదు. ఒక మహాశిక్షకుడు మరణిస్తే పదిమంది చదువుకున్న శిక్షకులు ఆ స్థానంలో నిలబడగలగాలి. ఆ పదిమంది మన తరగతులలో నుండి రావాలన్నదే ఈ వ్యాసం వ్రాయడంలో మా ఉద్దేశం.

మరి అందుకు మార్గమేమి? రహీం గారి కాలంలో కన్న నేడు మార్గం సుగమం. ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు డి.పి.ఎడ్., పట్టభద్రులు బి.పి.ఎడ్. చేయవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వీటి ప్రవేశానికి పీసెట్ అనే పరీక్ష జరుగుతుంది. అందులో దేహదార్ఢ్యమూ ఆట నైపుణ్యమూ పరీక్షిస్తారు గనుక ఏడాది ముందు నుండే సాధన చేయాలి. ఆపైన ఎం.పి.ఎడ్. ఉన్నది. ఏదైనా ఒక ఆటలో శిక్షకులు కాగోరేవారికి 1961లో పటియాలాలో స్థాపితమైన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాను, స్వల్పకాల సర్టిఫికెట్ కోర్సును నడుపుతున్నది. ఫుట్‌బాల్‌లో అయితే క్రింది తరగతి నుండి పై తరగతికి వరుసగా శిక్షక లైసెన్సులు సంపాదించుకోవలసి ఉంటుంది. వ్యాయామశాలలో వ్యక్తిగత శిక్షకులుగా స్థిరపడదలచినవారు సైతం శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, ఆహార నియమాలు, ప్రథమ చికిత్స, ఈ నాలుగింటిని శ్రద్ధగా చదవాలి. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవాడు తన వద్దకు వస్తే ముందుగా వైద్యుని సలహా తెమ్మని చెప్పే ధైర్యం ఉండాలి. త్వరగా కండలు రావడానికి మందులు ఇమ్మని అడిగేవానిని తిప్పి పంపే నిజాయితీ ఉండాలి. ఒక్క రోజు ఆదాయం పోయినా, ఒక్క ప్రాణం నిలుస్తుంది.

చదువు తరువాత అనుభవం. రహీం గారు మొదట పాఠశాలలో పిల్లలకు నేర్పారు, తరువాత నగరంలోని జట్టుకు, ఆ తరువాత దేశానికి నేర్పారు. ఏ మెట్టునూ దాటవేయలేదు. పాఠశాలలో ఆయన అర్జించిన ఓర్పే హెల్సింకీ పరాభవంలో ఆయనను నిలబెట్టింది. కనుక మన యువకులు కూడా మొదట తమ పేటలోని పదిమంది పిల్లలకు సాయంత్రంవేళ ఉచితంగా నేర్పడంతో ఆరంభించాలి. ఒక చిన్న పుస్తకం పెట్టుకొని ప్రతి బాలుని బరువు, పరుగు, బలహీనత, అభివృద్ధి తేదీలతో వ్రాసుకోవాలి. ఆ పుస్తకమే వారికి తొలి యోగ్యతాపత్రం. పేరు ప్రకటనలతో రాదు. చేయి పట్టి నడిపించిన శిష్యుల నోట వస్తుంది.

పెద్దలకు కూడా ఒక మాట విన్నవించుకొంటాము. మీ కుమారుడో కుమార్తెయో శిక్షకులు కావాలని కోరితే, అది చదువు రానివారి పని అని తేల్చివేయకండి. ఆ కోరిక వెనుక చదువు ఉన్నదా లేదా అని విచారించండి. లేకపోతే చదివించండి. ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, పాఠశాలలో కొలువు చేసి, ఉత్త కాళ్ల కుర్రవాళ్లను ఒలింపిక్ మైదానానికి నడిపించిన ఒక ఉపాధ్యాయుడు ఈ నగరంలోనే పుట్టాడు. ఆయన నడచిన బాట మూసుకొనిపోలేదు. దానిపై ఇన్నాళ్లుగా గడ్డి మొలిచింది, అంతే. ఆ గడ్డిని తొక్కి మళ్లీ బాట చేసే పాదాలు మన కళాశాల మైదానంలోనే ఉన్నవని మా విశ్వాసం.